ఇది ఎవరి ఊపిరి?

ధ్యానమునకు వాక్యభాగము: లేవీయకాండము 14:33–48

గొప్ప సంగతులు ఎదురైనప్పుడు మనము మోకాళ్లూనుదుము. చిన్న సంగతులు ఎదురైనప్పుడు మేస్త్రీని పిలిపింతుము. వివాహమును గూర్చి, ఉద్యోగమును గూర్చి, వ్యాధిని గూర్చి దైవచిత్తమును వెదకు విశ్వాసి, పెరటిగోడను ఆనుకొనియున్న ఒక పాత గొట్టమును ఏమి చేయవలెనని ప్రార్థించెనని విన్నయెడల మనలో పలువురు నవ్వుదురు. నేనును నవ్వియుందును. అయితే గడచిన శీతకాలమున అట్టి గొట్టమొకటి మా యింట ప్రశ్నయై నిలిచెను. తన పొరుగువాడెవడని ధర్మశాస్త్రోపదేశకుడొకడు ప్రభువును అడిగిన ఆ పాత ప్రశ్నకు (లూకా 10:29) నేను అదివరకు చెప్పుకొనుచు వచ్చిన జవాబు ఎంత ఇరుకైనదో అది నాకు చూపెను. ఆ సంగతినే ప్రియ పాఠకులతో పంచుకొనగోరుచున్నాను.

మేము నివసించుచున్నది ఢిల్లీ నగరమునకు పడమటనున్న జనకపురిలో. 1970 దశకమున కట్టబడిన మూడంతస్తుల ఇండ్ల వరుసలో క్రింది అంతస్తు మాది. గుంటూరు జిల్లానుండి కేంద్రప్రభుత్వ కార్యాలయమున గుమాస్తాగా వచ్చి, ఉద్యోగకాలమంతయు అద్దె యిండ్లలో గడిపి, పదవీ విరమణకు ముందుగా ఈ యింటిని కొంటిని. పెరటిలో వెనుక గోడను ఆనుకొని బూడిదరంగు గొట్టమొకటి నేలనుండి డాబామీదికి పోవుచుండెను. మా స్నానపుగదిని తిరిగి కట్టించుకొన్నప్పుడు దానితో మాకున్న సంబంధము తెగిపోయినది. అప్పటినుండి అది మాకు ఎందుకును పనికిరాక నిలిచియున్నది. నడుమున పగులొకటి. పైన పావురముల సందడి. అంతే.

కుమారునికి బిడ్డ పుట్టెను. ఇల్లు ఇరుకైనది. పెరటివైపు చిన్న గదియొకటి వేసికొందమని అతడు తలంచెను. కొలత వేసి చూడగా ఆ గొట్టము అడ్డముగా నుండెను. "నాన్నగారూ, అది ఎవరికీ పనికిరాని గొట్టం. తీసేయిస్తే రెండడుగులు కలిసివస్తాయి" అనెను. పని ఒప్పుకొన్నవాడు వచ్చి చూచి, క్రింద విరుగగొట్టి, పైభాగమును లాగివేసి, మొదలు సిమెంటుతో పూడ్చినయెడల ఒక పూట పని అని చెప్పెను. నేను సరేయంటిని. పనికిరానిదానిని తీసివేయుటలో ఆలోచింపవలసినది ఏమున్నది?

ఆగిన దినములు

పని మొదలు కావలసిన ఉదయమున ఆ మనుష్యుడు, పదునెనిమిదేండ్ల పిల్లవానిని వెంటబెట్టుకొని వచ్చెను. పిల్లవానిది ఉత్తర బీహారు. చేతిలో సుత్తి, మెడలో తువ్వాలు. అంతకు మించి ఏమియు లేదు. ఇంతలో పై అంతస్తువారొకరు వార్త చెప్పిరి: గాలి మిక్కిలి చెడినందున కూల్చివేత పనులు ఆపవలెనని ఉత్తరువు వెలువడినదట. 2017 నుండి రాజధాని ప్రాంతమంతట అమలులోనున్న దశలవారీ ఏర్పాటు ప్రకారము, గాలి తీవ్రముగా చెడిన దినములలో ఇట్టి పనులను నిలిపివేయుదురు. ఢిల్లీలో కార్తిక, మార్గశిర మాసములను గడిపినవారికి ఆ గాలి యెట్టిదో చెప్పనక్కరలేదు. మధ్యాహ్నమున కూడ సూర్యుడు పాత ఇత్తడి పళ్లెమువలె కనబడును.

మాకు విసుగు కలిగెను. పిల్లవాడు మాత్రము ఏమియు అనక సుత్తిని సంచిలో పెట్టుకొని వెళ్లిపోయెను. అతనికి ఆ దినపు కూలి పోయినదని అప్పుడు నాకు తోచలేదు.

ఆ వారములో ఒక సాయంకాలమున కుటుంబ ప్రార్థనయందు వరుసగా చదువుచున్న భాగము లేవీయకాండము పదునాలుగవ అధ్యాయమునకు వచ్చెను. మనలో అనేకులు వేగముగా దాటిపోవు అధ్యాయమది. ఇంటి గోడలలో కుష్ఠు పొడ కనబడినయెడల ఏమి చేయవలెనో అందు వ్రాయబడియున్నది. ఆ క్రమమును గమనింపుడి. ఇంటి యజమానుడు తానే తీర్పు తీర్చుకొనడు. తనకు పొడవంటిది కనబడుచున్నదని మాత్రమే యాజకునితో చెప్పవలెను. యాజకుడు వచ్చి చూచును. చూచినవెంటనే కూల్చుమని చెప్పడు. ఏడు దినములు ఇంటిని మూసియుంచి మరల వచ్చి చూచును. పొడ వ్యాపించియున్నయెడల ఆ రాళ్లను మాత్రమే ఊడదీయించును, గోడలు గీయించును, వేరు రాళ్లు చేర్పించి, వేరు అడుసు పూయించును. అంతటితో నిలిచినయెడల ఇల్లు పవిత్రమే. అటు తరువాతను పొడ తిరిగి వచ్చినయెడల అప్పుడు ఇల్లు పడగొట్టవలెను. ఆ రాళ్లను, మ్రానులను, సున్నమును వీధిలో పారవేయక, ఊరి వెలుపల అందుకై ఉన్న చోటికి మోసికొని పోవలెను.

ఒక గోడ విషయమై దేవునికి ఇంత ఓపికయా! చూచుట, ఆగుట, మరల చూచుట, చెడిన మేరకే తీయుట, తీసినదానిని ఇతరులకు హాని కలుగని చోట ఉంచుట. ఈ అయిదింటిలో మేము ఒక్కటియైనను చేయలేదు. ఏడు దినముల ఆగుట యొక్కటి దొరకినది. అదియు మా బుద్ధివలన కాదు, చెడిన గాలివలన.

కాగితపు ముక్క

మరునాడు కాలనీలో నలువది సంవత్సరములుగా నీటి గొట్టముల పని చేయుచున్న వృద్ధుడైన ప్లంబరును పిలిపించితిని. అతడు గొట్టమును చేతితో తట్టలేదు, క్రిందినుండి పైవరకు చూపుతో కొలిచి, "దీని పై కొసకు ఎవరెవరి గొట్టాలు కలిసివున్నాయో చూశారా, బాబూజీ?" అని అడిగెను. మేము చూడలేదు. అతడు పాత వార్తాపత్రికనుండి వ్రేలెడు వెడల్పు ముక్కను చింపి, గొట్టపు పగులు దగ్గర పట్టుకొని, రెండవ అంతస్తులోని వృద్ధురాలితో మరుగుదొడ్డిలో నీరు వదలుమని కేకవేసెను. పైన నీరు జారిన చప్పుడు వినబడెను. ఆ క్షణముననే కాగితపు ముక్క పగులులోనికి లాగబడి, వణకి, తిరిగి విడువబడెను.

ఆ గొట్టము ఊపిరి పీల్చుచుండెను.

ఇందలి మర్మము కష్టమైనది కాదు. మన యిండ్లలో నీరు పోవు ప్రతి తావునను వంకర గొట్టమొకటి ఉండును. పనివారు దానిని ట్రాపు అందురు. ఆ వంపులో రెండంగుళముల నీరు ఎల్లప్పుడు నిలిచి, క్రింది మురుగు కాలువలోని విషవాయువు ఇంటిలోనికి రాకుండ అడ్డుపడును. 1775లో లండను నగరమున అలెగ్జాండరు కమ్మింగు అను గడియారముల పనివాడు ఇట్టి వంపునకు హక్కుపత్రము పొందెను. అయితే పై అంతస్తునుండి నీరు ఒక్కుమ్మడిగా దిగునప్పుడు అది తన వెనుక గాలిని లాగుకొనిపోవును. ఆ గాలి ఎక్కడనుండియైన రావలెను. రాదగిన దారి లేనియెడల వంపులలోని నీటినే అది పీల్చివేయును; కాపలా నీరు పోగా విషవాయువు ఇంటిలో ప్రవేశించును. ఆ గాలికి దారి ఇచ్చుటకే గాలి గొట్టము పెట్టబడినది. అందులో నీరు పారదు, మురుగు పారదు. చూచువానికి అది ఖాళీ. ఆ ఖాళీయే దాని పని.

ప్లంబరు డాబామీది కెక్కి చూచెను. గొట్టపు కొసనున్న జల్లెడ టోపీ ఎన్నడో ఊడిపోయినది. లోపల పావురముల పాత గూడు గట్టిగా కూరుకొనియుండెను. అనగా పైదారి పూర్తిగా మూసికొనిపోయినది. నేను దేనిని ఆ గొట్టపు చావునకు గురుతని యెంచితినో ఆ పగులే దానికి మిగిలియున్న యేకైక నాసికారంధ్రము. పై రెండు అంతస్తులవారును దానిద్వారా బ్రదుకుచుండిరి. మేము క్రింద విరుగగొట్టి సిమెంటు పూసియున్నయెడల ఆ ఒక్కటియు మూతపడియుండును.

ఇక్కడ నేనొక తప్పును ఒప్పుకొనవలెను. రెండవ అంతస్తులోని ఆ తల్లి పంజాబీ వితంతువు. తన స్నానపుగదిలో దుర్వాసన వచ్చుచున్నదని రెండు మూడు సంవత్సరములుగా చెప్పుచునే యుండెను. వృద్ధులకు వాసనల చాదస్తమని మేము మాలో అనుకొని, ఆమెకు ఫినాయిలు సీసా ఒకటి పంపి, దానిని ప్రేమ అని పేరుపెట్టుకొంటిమి. ఆమె నాసిక సత్యము చెప్పినది. మా చెవులు వినలేదు. మురుగులో పుట్టు వాయువులలో ఒకటి కుళ్లిన గ్రుడ్డువలె వాసన కొట్టును. అది కొంచెముగా ఉన్నప్పుడే వాసన తెలియును. మితిమీరినప్పుడు నాసికను మొద్దుబార్చి, వాసన లేనట్లే చేయును. మనస్సాక్షి విషయమును ఇట్లే కాదా? మొదట కొట్టిన దుర్గంధము కొన్నాళ్లకు తెలియకపోయినంతమాత్రమున గాలి శుభ్రపడినదని యర్థము కాదు.

మన స్నానపుగదులనుండి ఆ గొట్టము తప్పించు వాయువే మ్యాన్‌హోలులలో దిగిన మనుష్యులను చంపుచున్నది. మనుష్యుడు మనుష్యుని మలమును చేతులతో ఎత్తకూడదని 1993లో ఒక చట్టము, 2013లో మరింత గట్టి చట్టము వచ్చినవి. కాలువలలో మరణించినవారి కుటుంబములకు పది లక్షల రూపాయలు ఇయ్యవలెనని 2014లో సర్వోన్నత న్యాయస్థానము ఆజ్ఞాపించెను. 2023లో ఆ మొత్తమును ముప్పది లక్షలకు పెంచెను. కోలారు బంగారు గనుల ఊరిలో పారిశుద్ధ్యపు పనివారి యింట పుట్టిన మన తెలుగువాడు బెజవాడ విల్సన్ ఈ అవమానమును రూపుమాపుటకే జీవితమును అర్పించి, 2016లో రామన్ మెగసేసే పురస్కారము పొందెను. ఇన్ని తీర్పులు, ఇన్ని చట్టములు మనకు నేర్పునది ఒక్కటే: మన ముంగిట కనబడకుండ పోయినది లోకమునుండి పోలేదు; అది ఎవరో యొకరి ముఖమునకు తగులుచున్నది.

రెండవ ప్రశ్న

గొట్టము పై యింటివారికి కావలెనని తెలిసినది. అంతటితో మా ధర్మము తీరెనని యెంచితిని. అయితే ప్లంబరు వెళ్లుచు మరియొక మాట చెప్పెను. "దీన్ని కొట్టవద్దని చెప్పడానికి ఇంకొక కారణం ఉంది. ఇది ఏ.సి. పైపు." ఇక్కడ ఏ.సి. యనగా గది చల్లబరచు యంత్రము కాదు, ఆస్బెస్టాస్ సిమెంటు. మన తెలుగులో రాతినార అందుము. సిమెంటులో రాతినార కలిపి చేసిన గొట్టములు, రేకులు తేలికగా, చవుకగా, తుప్పు పట్టక ఉండుటచేత ఆ కాలపు ఇండ్లలో విరివిగా వాడబడినవి. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతమున ఈ నార భూమిలోనుండి త్రవ్వి తీయబడినది. దాని రేకుల క్రింద ఆరాధనలు జరిగిన మన పల్లెటూరి మందిరములు ఎన్నియో!

ఈ రాతినార పోగులు కంటికి కానరానంత సన్నములు. సిమెంటులో బిగిసియుండి, ముట్టకుండ విడువబడినంతకాలము అపాయము తక్కువ. కోసినను, పగులగొట్టినను, తొలిచినను ధూళియై లేచి ఊపిరితిత్తులలో చేరును. ఆ హాని ఆ దినమున తెలియదు; ఇరువది, ముప్పది, నలువది సంవత్సరములకు శ్వాసరోగముగానో క్యాన్సరుగానో బయలుపడును. ఏ రకపు రాతినారయైనను క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అరువదికి పైగా దేశములు దీని వాడుకను మానివేసినవి.

1995 జనవరి 27న మన సర్వోన్నత న్యాయస్థానము రాతినార కర్మాగారముల పనివారి విషయమై గొప్ప తీర్పు చెప్పెను. పనివాని ఆరోగ్యము అతని జీవించు హక్కులో భాగమని చెప్పి, ప్రతి పనివాని ఆరోగ్య వివరములను పనిలో చేరిన నాటినుండి 40 సంవత్సరములు, లేక పని మానిన తరువాత 15 సంవత్సరములు, ఏది ఆలస్యమైన అంతవరకు వ్రాసి భద్రపరుపవలెనని ఆజ్ఞాపించెను. ఆ రోగము ఎంత నెమ్మదిగా నడచి వచ్చునో ఈ లెక్కయే చెప్పుచున్నది. మంచి తీర్పే. అయితే మా పెరటిలో సుత్తి పట్టిన ఆ పిల్లవాని పేరు ఏ కర్మాగారపు పుస్తకములోను లేదు. అతనికి ఏబదియేండ్లు వచ్చి దగ్గు పట్టిననాడు, ఢిల్లీలో ఒక విశ్వాసి యింటి పెరటిలో ఒక పూట పీల్చిన ధూళి ఎవరికి జ్ఞాపకముండును? దేవునికి ఉండును.

నా మనస్సును గ్రుచ్చిన మరియొక సంగతి చెప్పెదను. ఆ వారముననే మేము పసిబిడ్డ గదిలో గాలిని శుభ్రపరచు యంత్రమొకటి కొని పెట్టితిమి. అది తప్పు కాదు. బిడ్డ ఊపిరిని కాపాడుట తల్లిదండ్రుల విధి. అయితే అదే బిడ్డకొరకు కట్టు గదికై మరియొకరి బిడ్డచేత విషధూళి పీల్పించుటకు సిద్ధపడితిమి. ఆదియందు దేవుడు నరుని నాసికారంధ్రములలో జీవవాయువును ఊదెనని చదువుచున్నాము (ఆది. 2:7). ఆ ఊపిరి మా మనుమనికి వేరుగాను, బీహారు కూలివానికి వేరుగాను ఇయ్యబడలేదు.

పాతదంతయు పవిత్రమా?

ఇంతవరకు చదివినవారు, "అట్లయిన పాతదానిని ఎన్నడును ముట్టరాదా?" అని అడుగవచ్చును. మా కుమారుడును అట్లే అడిగెను. అతని ప్రశ్న న్యాయమైనది. ఇల్లు జీవించువారి కొరకు గాని జ్ఞాపకముల కొట్టుగా కాదు. పాతదను కారణముచేతనే దేనినైనను నిలుపుట భక్తి కాదు. ఒక్కొక్కప్పుడు అది సోమరితనము, ఒక్కొక్కప్పుడు విగ్రహారాధన.

పరిశుద్ధ గ్రంథము ఈ విషయమున మన ముందు రెండు చిత్రములను ఉంచుచున్నది. మొదటిది ఇస్సాకు బావులు. అబ్రాహాము దినములలో త్రవ్విన బావులను ఫిలిష్తీయులు మంటితో పూడ్చివేసిరి. ఇస్సాకు వాటిని పనికిరాని గోతులని యెంచక మరల త్రవ్వించి, తన తండ్రి పెట్టిన పేళ్లనే పెట్టెను (ఆది. 26:18). లోపము బావిలో లేదు. పైన పడిన మంటిలో ఉన్నది. రెండవది ఇత్తడి సర్పము. దేవుని ఆజ్ఞచొప్పున మోషే చేసినదే. ఒకనాడు దానిని చూచినవారు బ్రదికిరి. అయినను తరువాతి తరములవారు దానికి ధూపము వేయసాగినప్పుడు హిజ్కియా దానిని ముక్కలు చేసెను. దేవుని దృష్టికి యథార్థముగా నడచుకొన్న రాజని అతడు కొనియాడబడెను (2 రాజులు 18:3, 4). ఒకడు పాతదానిని త్రవ్వి తీసెను. ఒకడు పాతదానిని పగులగొట్టెను. ఇద్దరును దేవునికి ఇష్టులే.

ఇద్దరిలోను సమానమైనదేది? ఇద్దరును ఎరిగి చేసిరి. ఆ బావిలో ఏమున్నదో ఇస్సాకు ఎరుగును; ఆ సర్పము ఎందుకు చేయబడెనో, ఇప్పుడేమి చేయుచున్నదో హిజ్కియా ఎరుగును. ఎరుగక నిలుపువాడు ఇస్సాకు కాడు; ఎరుగక పగులగొట్టువాడు హిజ్కియా కాడు. కాబట్టి "ఇది పాతదా, కొత్తదా?" అనునది మన ప్రశ్న కారాదు. "ఇది నాకు పనికివచ్చునా?" అనునదియు చాలదు. "దీనిద్వారా ఎవరి ఊపిరి పోవుచున్నది? దీనిని తీయుటకు ఎవరి ఊపిరి ఖర్చగును?" ఈ రెండును అడిగినవాడు నిలిపినను, తీసినను ప్రేమయందే చేయును.

మన సంఘములలోను ఇట్టి గాలి గొట్టములు గలవు. ఒక పాత కీర్తన, ఒక బుధవారపు స్త్రీల కూడిక, ఆరాధనయందు ఒక నిశ్శబ్ద నిమిషము. మనకు ఖాళీగా తోచును. తీసివేసిన తరువాత వెనుక బల్లమీది వృద్ధురాలికి ఊపిరాడలేదని తెలియును. కొన్ని ఆచారములు నిజముగా ఇత్తడి సర్పములే. వాటిని తీయక తప్పదు. అయితే కాగితపు ముక్కను పట్టి చూడకమునుపే సుత్తి పట్టరాదు.

"ఇంత విచారించుచు కూర్చుండిన పనులు సాగునా?" అందురేమో. మా విచారణకు పట్టినది పది దినములు. ఖర్చయినది ఒక వార్తాపత్రికలో వ్రేలెడు ముక్క.

మేము చేసినది

చివరకు గొట్టము నిలిచినది. డాబామీదికెక్కి, గూటిలో గ్రుడ్లుగాని పిల్లలుగాని లేవని చూచిన పిమ్మట, పాత గూడును తడిపి తీసి, కొత్త జల్లెడ టోపీ పెట్టించితిమి. నీరు వదలి కాగితము పట్టి చూడగా గాలి ఇప్పుడు పైనుండియే లాగబడెను. అప్పుడు పగులును గీకక, తొలువక, తడిగుడ్డతో తుడిచి, పట్టీ చుట్టి, పైన గట్టి రంగు పూయించితిమి. మా గది రెండడుగులు తగ్గినది. కోడలు చిన్నబుచ్చుకొనలేదని చెప్పిన అబద్ధమగును. బట్టలుతుకు యంత్రమునకు ఆమె అనుకొన్న చోటు పోయినది. ప్రేమకు కొలత ఉన్నయెడల మా యింట అది రెండడుగులు. అంతకంటె గొప్పగా చెప్పుకొనుటకు ఏమియు లేదు.

ఉత్తరువు ఎత్తివేయబడిన తరువాత ఆ పిల్లవానికి కబురు పంపితిని. మా వివేకమువలన అతని కూలి పోరాదు గదా! ధనికుని సంయమము బీదవానికి ఉపవాసము కారాదు. ఆగిపోయిన దినపు కూలిని ఇచ్చి, గది పునాది పనిలో అతనిని పెట్టించితిమి. ఆ గొట్టమును ఎందుకు కొట్టనీయలేదో హిందీలో చెప్పగా అతడు నవ్వి, "ధూళి మాకు కొత్తదా, సాబ్?" అనెను. ఆ నవ్వునకు నేను జవాబు చెప్పలేకపోతిని. ఇప్పటికిని నా యొద్ద జవాబు లేదు.

పై అంతస్తు తల్లియొద్దకు నేనే వెళ్లి, ఇన్నాళ్లు ఆమె మాట విననందుకు క్షమాపణ వేడితిని. "భాయీ సాహెబ్, వాసన పోయింది, చాలు" అని ఆమె టీ ఇచ్చెను. ఆ స్నానపుగదిలో ఆమె పడిన బాధనుగూర్చి ఇంకేమియు అనలేదు. అనియున్నయెడల నాకు తేలికగా ఉండెడిది.

మరియొక పని మిగిలెను. ఈ గొట్టము ఎందుకు పెట్టబడెనో మాకు తెలియకపోవుటకు కారణమేమి? మునుపటివారు ఎవరును చెప్పలేదు, మేము అడుగలేదు. ఇశ్రాయేలీయులు యొర్దాను దాటినప్పుడు పండ్రెండు రాళ్లు నిలువబెట్టి, మీదట పిల్లలు వాటి సంగతి అడుగునప్పుడు తండ్రులు చెప్పవలెనని యెహోషువ ఆజ్ఞాపించెను (యెహో. 4:6, 7). రాళ్లు నిలిపినంతమాత్రమున చాలదు. వాటి కారణమును కూడ పిల్లలకు అందింపవలెను. ఇంటి పైకప్పునకు పిట్టగోడ కట్టుమను ఆజ్ఞయు (ద్వితీ. 22:8) ఎన్నడో ఎవరో పడకుండుటకు ముందుగా చూపవలసిన ప్రేమయే. కాబట్టి ఒక కాగితముమీద మూడు వాక్యములు వ్రాసి ఇంటి దస్తావేజులతో ఉంచితిని. అవే మాటలు గొట్టముమీద హిందీలోను ఆంగ్లములోను రంగుతో వ్రాయించితిని: ఇది పై యిండ్ల గాలి గొట్టము. ఇందు రాతినార కలదు. తీయవలసివచ్చిన, ముందు వేరు దారి ఏర్పరచి, సుత్తితో కొట్టక, తడిపి, ముక్కలు చేయక, తెలిసినవారిచేత తీయింపుడి.

నా తరువాత ఆ యింట ఎవరుందురో ఎరుగను. వారి చేతిలో సుత్తి పట్టియుండబోవు మరియొక పిల్లవాని పేరును ఎరుగను. అయినను వాడును నా పొరుగువాడే.

ప్రియ పాఠకులారా, నూతన సంవత్సరమున మీ యింటిలోను, సంఘములోను ఏదైనను పనికిరాదని తోచినప్పుడు, ఒక్క నిమిషమాగి, కాగితపు ముక్కను పట్టి చూడుడి. అది కదలదేమో; అప్పుడు నిర్భయముగా తీసివేయుడి, తీయువాని ఊపిరిని కాపాడుచు తీసివేయుడి. కదలినయెడల, అక్కడ మీకు కనబడని పొరుగువాడొకడు బ్రదుకుచున్నాడని ఎరుగుడి.

ప్రార్థన: మా నాసికలో జీవవాయువును ఊదిన తండ్రీ, మాకు ఖాళీగా కనబడువాటిలో నీవు దాచిన మేలును చూచు కన్నులిమ్ము. పై అంతస్తునుండి వచ్చు మొరను విను చెవులిమ్ము. మా సౌఖ్యముకొరకు ధూళి పీల్చువారిని పేరుపెట్టి ఎరిగియున్న దేవా, వారిని మరచిన మా పాపమును క్షమించుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.